చెమటకు ఆపరేషన్ అంటున్నావు, ముందు ఈ ఉత్తరం చదువు

అమ్మడూ,

మొన్న ఫోన్లో నీ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆఫీసులో ప్రెజెంటేషన్ ఇస్తూ చెయ్యెత్తి స్క్రీన్ చూపించలేక, మోచేతులు నడుముకు ఆనించుకునే గంటసేపు మాట్లాడానన్నావు. నేను విజయవాడలో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పాను, నా క్లాసులో బోర్డు పై సగం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. పైన రాయాలంటే చెయ్యెత్తాలి, చెయ్యెత్తితే జాకెట్టు చంక దగ్గర పళ్లెమంత తడి మచ్చ పిల్లలందరికీ కనిపిస్తుంది. అందుకని కిందనే రాసి, తుడిచి, మళ్లీ కిందనే రాసేదాన్ని. లేత రంగు జాకెట్టు ఒక్కటి కూడా కుట్టించుకోలేదు.

మాఘమాసంలో పెళ్లి, తలంబ్రాలు పోసేటప్పుడు చేతులెత్తాలి కాబట్టి ఈలోపు ఆపరేషన్ చేయించేసుకుంటానంటున్నావు. నీ తొందర నాకు అర్థమైంది. కానీ మొదటిసారి చూపించుకోవడానికి వెళ్తేనే, రాసుకునే మందు సరిగ్గా వాడావా అని కూడా అడక్కుండా ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే నాకు కోపం వస్తోంది. అడ్వాన్సు ఇంకా కట్టి ఉండకపోతే కట్టకు.

ఆ ఆపరేషన్లో ఏం చేస్తారో నీకు పూర్తిగా చెప్పారో లేదో. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు చేసి, ఊపిరితిత్తిని కాసేపు పక్కకు తగ్గించి, వెన్నెముక పక్కన ఉండే, చెమట పట్టించే నరాల గొలుసును ఒకచోట కత్తిరిస్తారు, లేదంటే క్లిప్పు పెడతారు. అరచేతుల చెమటకు ఇది బాగా పనిచేస్తుంది, చంకలకు అంత కచ్చితంగా చెప్పలేరు. అసలు ఇబ్బంది తర్వాత ఉంది. అక్కడ ఆగిన చెమట వీపు మీద, ఛాతీ మీద, పొట్ట మీద, తొడల్లో మొదలవుతుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఎంతో కొంత ఇది వస్తుంది, కొందరికి మొదటి బాధే నయమనిపించేంత వస్తుంది. నాతో పనిచేసిన ఒక టీచరు చేయించుకుంది. చేతులు పొడిగా అయ్యాయి, కానీ ఎండాకాలంలో మధ్యాహ్నానికి వీపు మీద చీర పిండితే నీళ్లు కారేలా ఉండేది, స్కూల్లోనే ఇంకో జత బట్టలు పెట్టుకునేది. కోసిన నరం మళ్లీ అతకదు, క్లిప్పు తీసినా పాత స్థితి వస్తుందన్న హామీ లేదు. అరుదుగా ఒకవైపు కనురెప్ప వాలిపోవడం కూడా ఉంది. చంకల్లో మాత్రమే చెమట పట్టేవాళ్లకు ఇది అన్నీ అయిపోయాక ఆలోచించాల్సింది, నువ్వింకా మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఇది నీ అశుభ్రత వల్ల వచ్చింది కాదు, ముందు ఆ దిగులు వదిలెయ్. మీ తాతయ్యకు ఉండేది, మీ నాన్నకు అరచేతుల్లో ఉంది, నాకూ నీకూ చంకల్లో వచ్చింది. చెమట గ్రంథులు మామూలుగానే ఉంటాయి, వాటికి పని చెప్పే నరాలే అవసరానికి మించి పనిచేస్తాయి. ఇలా వంశంలో వచ్చేది చిన్న వయసులోనే మొదలవుతుంది, రెండు వైపులా సమానంగా పడుతుంది, నిద్రలో ఆగిపోతుంది. నీకు ఈ మూడూ ఉన్నాయి. అయినా థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఒకసారి చేయించు. రాత్రుళ్లు పక్క తడిసిపోయేలా చెమట పట్టి, జ్వరం రావడం, బరువు తగ్గడం ఉంటే అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు కూడా చెమట పెంచుతాయి, నువ్వేమైనా వాడుతుంటే దాచకుండా చెప్పు.

ఇప్పుడు రాసుకునే మందు. "వాడాను అత్తా, మండింది, మానేశాను" అన్నావు. నేనూ సరిగ్గా అదే చేసి ఆరేళ్లు పోగొట్టుకున్నాను, అందుకే ఇది విడమరిచి రాస్తున్నా. అల్యూమినియం క్లోరైడ్ లోషన్, ఎక్కువగా 20 శాతం ఉంటుంది. బజారులో దొరికే డియోడరెంట్ వాసనను మాత్రమే ఆపుతుంది, ఇది చెమటను ఆపుతుంది. ఇందులోని ఉప్పు చెమట నాళం మూతి దగ్గర చేరి బిరడాలా కడుతుంది. పగలు రాస్తే బిరడా కట్టేలోపే చెమట దాన్ని తోసేస్తుంది, కాబట్టి రాత్రి పడుకునే ముందే రాయాలి. రెండోది, చర్మం పూర్తిగా పొడిగా ఉండాలి. తడి మీద రాస్తే ఆ మందు నీళ్లతో కలిసి ఆమ్లం తయారవుతుంది, ఆ ఆమ్లమే నిన్ను మండించింది. నేను స్నానం చేసి, వెంట్రుకలు తీసి, ఆ తడి మీదే పూసుకునేదాన్ని. ఒళ్లంతా నిప్పు అంటుకున్నట్టై అర్ధరాత్రి లేచి కడుక్కున్న రోజులున్నాయి.

రాత్రి స్నానం చేస్తే కనీసం అరగంట ఆగు, పొడి తువ్వాలుతో అద్దుకో, ఫ్యాను కింద చేతులెత్తి కూర్చో, లేదంటే డ్రయ్యర్‌లో చల్లగాలి పెట్టి ఆరబెట్టుకో. అప్పుడు పల్చగా ఒక్క పూత. అది ఆరాక పాత కాటన్ నైటీ వేసుకో, ఈ మందు మంచి బట్టలను మరకలు చేస్తుంది. పొద్దున సబ్బుతో కడిగెయ్. షేవింగ్ గానీ వ్యాక్సింగ్ గానీ చేసిన తర్వాత రెండు రోజులు దీని జోలికి పోకు. వారం రోజులు రోజూ రాత్రి రాసి, చెమట తగ్గాక వారానికి ఒకట్రెండు సార్లు రాస్తే చాలు. చర్మం పొర రాలినప్పుడు బిరడా కూడా పోతుంది కాబట్టి పూర్తిగా మానేస్తే మళ్లీ మొదలవుతుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా కొందరికి దురద, ఎరుపు వస్తాయి. అప్పుడు రెండు రోజులు ఆపి, రోజు విడిచి రోజు రాయి. అప్పటికీ మంట తగ్గకపోతే డాక్టరు తక్కువ శక్తి ఉన్న హైడ్రోకార్టిసోన్ క్రీము కొద్ది రోజులకు ఇస్తారు. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన క్రీము మాత్రం రాయొద్దు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, చంకలో చర్మం పల్చగా ఉంటుంది కాబట్టి చారలు పడిపోతాయి, తామర ఉంటే ఇంకా ముదురుతుంది. అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ నువ్వూ చూసే ఉంటావు, అలా వస్తుందని రుజువు కాలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి. మీ అమ్మ చెప్పిన పటిక కూడా అల్యూమినియం ఉప్పే, వాసనకు మంచిదే, కానీ మనలాంటి చెమటను ఆపేంత బలం దానికి లేదు. నిమ్మకాయ, వంటసోడా రుద్దకు, చర్మం పాడవుతుంది.

మాత్రల విషయం. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ అని రెండు ఎక్కువగా రాస్తారు. నరం గ్రంథికి చెప్పే మాటను ఇవి అడ్డుకుంటాయి, కానీ ఒక్క చంకలో కాదు, ఒళ్లంతా. అందుకే నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, చూపు మసకబారుతుంది, మూత్రం ఆగి ఆగి వస్తుంది. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లు, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లు ఇవి వాడకూడదు. నేను ఒక ఏడాది మే నెలలో వేసుకున్నాను. చెమట నిజంగానే తగ్గింది, చాలా సంతోషపడ్డాను. కానీ రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ, ఒంట్లో వేడి బయటకు పోవడానికి ఉన్న దారి చెమటే కదా. బస్టాండు నుంచి ఇంటికి నడిచేసరికి ఒళ్లు కాలిపోతూ, తల తిరిగి, ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. కాబట్టి డాక్టరు ఇస్తే శీతాకాలంలో, తక్కువ మోతాదుతో, ముఖ్యమైన రోజులకు వేసుకో. ఎండాకాలంలో ఎండలో తిరిగే పని ఉంటే వద్దు.

అమెరికా నుంచి అన్నయ్య పంపిస్తానన్న, చంకల్లో తుడుచుకునే తడి గుడ్డల ప్యాకెట్లు కూడా ఈ మాత్రల జాతి మందే, అక్కడ 2018లో అనుమతి వచ్చింది. అక్కడ కూడా డాక్టరు చీటీ మీదే ఇస్తారు. వాడాక చేతులు కడగకుండా కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

లోషన్ పనిచేయకపోతే నేను చెప్పేది బొటాక్స్ ఇంజెక్షన్. ముఖం మీద ముడతలకు వాడేదే, చంకల చెమటకు అమెరికాలో 2004లోనే అనుమతి ఇచ్చారు. నాకు చేసేటప్పుడు డాక్టరమ్మ ముందు చంకకు అయోడిన్ పూసి, ఆరాక మొక్కజొన్న పిండి చల్లింది. తెల్లటి పిండి మీద ఆవగింజంత నల్లచుక్కలు ఒక్కొక్కటిగా లేచాయి, చూస్తుండగానే కలిసిపోయి అరచెయ్యంత మచ్చ అయింది. నా చెమట ఎక్కడి నుంచి వస్తోందో నా కళ్లతో నేను చూసింది ఆ రోజే. ఆ మచ్చ మీదే పెన్నుతో గళ్లు గీసి, ఒక్కో చంకలో పది పదిహేను చోట్ల సన్నటి సూదితో పొడిచారు. చంకకు 50 యూనిట్లు. చీమ కుట్టినంత నొప్పి, రెండు మూడు చోట్ల నీలం మచ్చలు, అంతే. వారంలో పొడిబారింది, ఆరేడు నెలలు హాయిగా ఉంది. శాశ్వతం కాదు, మళ్లీ చేయించుకోవాలి, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఒకటి గుర్తుపెట్టుకో, బ్రాండు మారితే యూనిట్ల లెక్క మారుతుంది, కాబట్టి ఏ బ్రాండు, ఎన్ని యూనిట్లు, సీసా నీ ముందే తెరుస్తారా అని అడిగి తెలుసుకో. బ్యూటీ పార్లర్లలో చేయించుకోకు, చర్మవ్యాధుల డాక్టరు దగ్గరే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కండరాల బలహీనత జబ్బు ఉన్నవాళ్లకు చేయరు, పెళ్లయ్యాక ఇది మనసులో ఉంచుకో.

మైక్రోవేవ్‌తో గ్రంథులను శాశ్వతంగా కాల్చే యంత్రం కూడా ఉంది. వాపు, మొద్దుబారడం కొన్ని వారాలుంటాయి, అది అన్ని ఊళ్లలో దొరకదు. పెళ్లి ముందు దాని జోలికి వెళ్లొద్దు.

ఇంకా మూడు నెలలుంది. రేపు శనివారం రాత్రి లోషన్ మొదలుపెట్టు. నెల తిరిగేసరికి తగ్గకపోతే బొటాక్స్‌కు డాక్టర్ని కలువు, పెళ్లికి మూడు నాలుగు వారాల ముందు చేయించుకుంటే ఆ రోజుకు పూర్తిగా పనిచేస్తూ ఉంటుంది. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, రైలు టికెట్ చేయించుకుంటాను. ఎనిమిదో రోజు పొద్దున లేవగానే ఫోన్ చేసి, మంట ఉందా, తడి ఎంత తగ్గిందో చెప్పు.

నీ
అత్తయ్య