పాత వెబ్లీ పిస్టల్ కొనాలా, వద్దా?

ప్రశ్న: నాకు కావలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రాత్రిళ్లు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లు ఎత్తుకుపోతున్నారని అప్లై చేసుకుంటే నిరుడు పిస్టల్ లైసెన్సు వచ్చింది. మా ఊళ్లో ఒక పెద్దాయన దగ్గర ఇంగ్లండులో తయారైన వెబ్లీ అండ్ స్కాట్ .32 పిస్టల్ ఉండేది. చిన్నప్పుడు ఆయన దాన్ని విప్పి నూనె గుడ్డతో తుడుస్తుంటే అరుగు మీద కూర్చుని చూసేవాణ్ని. ఆయన పోయి ఐదు నెలలైంది. కొడుకు బెంగళూరులో ఉంటాడు. ‘నీకైతే మూడు లక్షలకిస్తా అన్నా, బయటివాళ్లకు ఐదు చెప్తున్నా. ఆదివారం వస్తా, డబ్బు రెడీగా పెట్టుకో’ అంటున్నాడు. పిస్టల్ ఇంకా వాళ్లింట్లో బీరువాలోనే ఉంది, కొత్తదానిలా మెరుస్తోంది. పాత తూటాల డబ్బా కూడా ఊరికే ఇస్తాడట. కొనమంటారా?
– పేరు రాయొద్దన్న పాఠకుడు, కావలి

జవాబు: ఆదివారం డబ్బివ్వకండి. కొనాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ పిస్టల్ బీరువాలోంచి బయటికి రావాలి. అదీ మీ ఇంటికి కాదు.

లైసెన్సు మనిషికిస్తారు. ఆ మనిషి పోయాక ఆయన ఆయుధం ఇంట్లో ఉంచుకునే హక్కు కొడుక్కు దానంతటదే రాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. ఐదు నెలలు బీరువాలో పెట్టుకున్నాడంటే ఆ అబ్బాయి తనకు తెలియకుండానే పెద్ద చిక్కులో ఉన్నాడు. లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. బేరం సంగతి పక్కన పెట్టి, మీరు అతనికి ఈ రోజే ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. పెద్దాయన మీద ఉన్న గౌరవానికి మీరు చేయగలిగిన మేలు ఇదే.

డిపాజిట్ చేసినంత మాత్రాన పిస్టల్ పోదు. వారసుడు దాన్ని అక్కడి నుంచే, లైసెన్సున్న మరొకరికి అమ్ముకోవచ్చు. డీలర్ దగ్గర డిపాజిట్ చేయించి, ఆయన రిజిస్టరు ద్వారా మీరు కొనుక్కోవడం అన్నింటికంటే శుభ్రమైన దారి. లేదంటే కొడుకే వారసుడిగా లైసెన్సు తెచ్చుకుని మీకు అమ్మాలి. అలా ఒక లైసెన్సుదారు ఇంకొకరికి అమ్మేటప్పుడు ఎవరికి అమ్ముతున్నాడో పేరు, అడ్రసుతో సహా కలెక్టర్‌కో, దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. ఏ దారిన వెళ్లినా ఆదివారం చేతికి చేయి బేరం కుదరదు.

నేను నెల్లూరులో పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పనిలో, 31 ఏళ్లు ఉన్నాను. పాత తుపాకులంటే ప్రాణం. అయినా అడిగినవాళ్లందరికీ ముందు కాగితాల గురించే చెప్తాను. ఎందుకంటే ఒకసారి నా వల్లే ఒక స్నేహితుడు నష్టపోయాడు. రిటైరైన కొత్తల్లో ఆయన ఒక పాత పిస్టల్ కొనబోతూ నన్ను వెంటబెట్టుకెళ్లాడు. బ్యారెల్ చూశాను, స్ప్రింగులు చూశాను, బాగుందన్నాను. నంబరు మాత్రం కళ్లతో పైపైన చూసి వదిలేశాను. రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బయటపడింది: లైసెన్సు పుస్తకంలో 3 ఉన్న చోట ఇనుము మీద 8 ఉంది. ఏనాడో ఎవరో గుమస్తా ఎక్కించేటప్పుడు పొరబడ్డాడు. అది తేలేదాకా 14 నెలలు పిస్టల్ స్టేషన్‌లో ఉండిపోయింది. ఆయన తిరగని ఆఫీసు లేదు. నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకిప్పటికీ మనసులో ఉంది. అప్పటి నుంచి జేబులో భూతద్దం లేకుండా ఎవరి పిస్టలూ ముట్టుకోను. మీరూ పట్టుకెళ్లండి. ఫ్రేము (పిడి ఉన్న కింది భాగం) మీద, స్లైడు (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) మీద ఉన్న ప్రతి నంబరునూ ఒక్కో అంకె చొప్పున పుస్తకంతో పోల్చి చూసుకోండి.

ఇక పిస్టల్ సంగతి. వెబ్లీ అండ్ స్కాట్ .32 మంచి జాతి. 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు తీసుకున్న మోడల్ ఇదే. బయటికి కనిపించే సుత్తి, మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు, ఫ్లాస్కులా చదునుగా ఉండే ఒళ్లు. మామూలు మనిషికి విదేశీ తుపాకుల దిగుమతి 1980ల మధ్యలో ఆగిపోయింది కాబట్టి, దేశంలో ఉన్న పాతవే చేతులు మారుతున్నాయి. మీరు చెప్పిన ధరలో సగం ఆ పేరుకే. పేరుకు డబ్బివ్వడం తప్పు కాదు, కానీ దాని వెనకున్న ఇనుము ఎంత మిగిలిందో తెలుసుకుని ఇవ్వాలి.

‘కొత్తదానిలా మెరుస్తోంది’ అన్న మాట నాకు నచ్చలేదు. ఎనభై, తొంభై ఏళ్ల పిస్టల్ మెరవకూడదు. దాని నలుపు అంచుల దగ్గర అరిగి బూడిద రంగు తేలాలి. మెరుస్తోందంటే ఎవరో బఫ్ పట్టించి, అంటే నున్నగా రుద్ది పాలిష్ చేయించి, మళ్లీ రంగు వేయించారేమో చూసుకోవాలి. స్లైడు మీద కంపెనీ పేరు, లండన్ అండ్ బర్మింగ్‌హామ్ అన్న అక్షరాలు వేలితో తడిమితే గుచ్చుకుంటున్నట్టు ఉండాలి. అక్షరాలు కరిగినట్టు నున్నగా ఉంటే కింద తుప్పు గుంటలు దాచారని అర్థం. బ్యారెల్ దగ్గర కిరీటం కింద ఎన్‌పీ అన్న చిన్న ముద్ర కూడా వెతకండి. పొగ రాని మందుతో కాల్చి పరీక్షించామని బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసిన ముద్ర అది. పాలిష్ కింద అదీ అరిగిపోయి ఉంటే బేరం అక్కడే ఆపేయండి.

డీలర్ షాపులోనే, ఆయన చేతనే మ్యాగజైన్ తీయించి, స్లైడు వెనక్కి లాగించి, లోపల తూటా కూర్చునే గది ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే మీరు చేతిలోకి తీసుకోండి. తెల్ల కాగితం ముక్క వెనక వైపు పెట్టి బ్యారెల్‌లోకి చూస్తే వెలుగు లోపల పరుచుకుంటుంది. మెలిక తిరిగిన గాడులు, వాటినే రైఫిలింగ్ అంటాం, అంచులు పదునుగా కనిపించాలి. నల్లటి మురికి ఉంటే భయం లేదు, బ్రష్షుతో పోతుంది. చీమలు కొరికినట్టు గుంటలుంటే మాత్రం ఏం చేసినా పోవు.

అందరూ మరిచిపోయే చోటు ఇంకొకటుంది. ఈ పిస్టల్‌కు స్లైడును ముందుకు నెట్టే స్ప్రింగు బ్యారెల్ కింద ఉండదు. కుడి వైపు పిడి రేకు కింద, వి అక్షరం ఆకారంలో ఉంటుంది. కోట అనే ఊరి వైపు నుంచి ఒకాయన తెచ్చిన పిస్టల్ ఒకటి నాకు బాగా గుర్తు. ఏళ్ల తరబడి తోలు పౌచ్‌లోనే ఉంచారు. పైకి చూస్తే ఏ లోపం లేదు. మరలు తీసి కుడి రేకు ఎత్తేసరికి ఎర్రటి తుప్పు పొడి, నశ్యం పొడిలా, నా అరచేతిలోకి రాలింది. స్ప్రింగు కొన సగానికి సగం తినేసి ఉంది. మన సముద్రపు గాలికి తోలు చెమ్మ పీల్చుకుని ఇనుముకు అందిస్తుంది. ఆ స్ప్రింగు ఇప్పుడు బజారులో దొరికేది కాదు, ఎవరి చేతనైనా చేయించుకోవాల్సిందే. కాబట్టి ఆ రేకు విప్పి చూపించమని అడగండి. రేకు గట్టి రబ్బరుతో చేసింది. పాతబడితే గాజులా పెళుసెక్కుతుంది, విప్పేవాళ్లు నిదానంగా విప్పాలి.

తూటాల డబ్బా వద్దు. మీ లైసెన్సు మీద లెక్క లేకుండా ఒక్క తూటా కూడా తీసుకోకూడదు. పైగా చెమ్మ తగిలిన పాత తూటా పేలకపోవచ్చు, ఒక క్షణం ఆగి పేలనూవచ్చు. ఆ ఒక్క క్షణంలోనే మనిషి పిస్టల్ మొహం వైపు తిప్పి చూస్తాడు. కొత్తవి కొనేటప్పుడు .32 పిస్టల్ తూటా అని స్పష్టంగా అడగండి. .32 రివాల్వర్‌ది వేరే, ఒకదాంట్లో ఒకటి పనిచేయదు. చెరువు గట్టు మీద ఒక రౌండు కాల్చి చూద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మోటార్ల కాపలాకు అయితే నా జవాబు వద్దు. ఉప్పు గాలిలో, రాత్రి పూట, స్పేర్ పార్టు దొరకని పిస్టల్‌ను నమ్ముకుని బయటికెళ్లడం నేను ఒప్పుకోను. దానికి మన ప్రభుత్వ కర్మాగారంలో తయారైన .32 పిస్టల్ కొత్తది తీసుకోండి. ఇంకా నన్నడిగితే గట్టుకు నాలుగు లైట్లు, ఇద్దరు కాపలా మనుషులు పిస్టల్ కంటే ఎక్కువ పనిచేస్తారు. 2019 నుంచి ఒక మనిషికి రెండు ఆయుధాలే. అందులో ఒక చోటు దీనికివ్వాలా అన్నదీ ఆలోచించుకోండి.

కానీ మీ ఉత్తరంలో మోటార్ల గురించి ఒక్క వాక్యమే ఉంది. అరుగు గురించి, నూనె గుడ్డ గురించి రాసినప్పుడే మీ మనసు కనిపించింది. ఆ పెద్దాయన జ్ఞాపకంగా ఇంట్లో భద్రంగా పెట్టుకుని, నెలకోసారి ఆయనలాగే తుడుచుకోవడానికైతే కొనండి. కాగితాలు సరిపోయి, బ్యారెల్, స్ప్రింగు బాగుంటేనే. బఫ్ పట్టించిందని తేలితే మాత్రం మూడు లక్షలు చాలా ఎక్కువ, గట్టిగా తగ్గించి అడగండి. తోలు పౌచ్‌లో మాత్రం దాచకండి.

ప్రశ్న: మా మామగారు 88వ ఏట పోయారు. ట్రంకు పెట్టెలో పిస్టల్, 1966 నాటి లైసెన్సు పుస్తకం దొరికాయి. మాది పొదిలి. పుస్తకం మీద నెల్లూరు కలెక్టర్ ముద్ర ఉంది. ఇది దొంగ కాగితమేమోనని మావారికి టెన్షన్. పాత ఇనుమువాడికి వేసేద్దామంటున్నారు.
– ఒక గృహిణి, పొదిలి

జవాబు: దొంగ కాగితం కాదమ్మా. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు పొదిలి నెల్లూరు జిల్లాలోదే, అందుకే ఆ ముద్ర. పుస్తకం వెనక పేజీలు తిప్పండి, తర్వాతి రెన్యువళ్లకు ఒంగోలు ముద్రలు కనిపించాలి. చివరి రెన్యువల్ ఏ తేదీతో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి.

పాత ఇనుముకు వేయడం పెద్ద నేరం, ఆ మాట ఇంట్లో మళ్లీ రానివ్వకండి. ఉంచుకోవాలనుకుంటే మీవారు వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, 2016 ఆయుధాల నియమాల్లో ఆ వీలుంది. వద్దనుకుంటే డిపాజిట్ చేసి అమ్ముకోవచ్చు. ఏది చేసినా దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కకండి. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సై గారికి విషయం చెప్పండి. ఎలా తేవాలో, వాళ్లే వచ్చి తీసుకుంటారో ఆయన చెప్తారు. అప్పటిదాకా లోపల తూటా ఉందో లేదో చూడాలని కూడా ఎవరూ ముట్టుకోవద్దు. ట్రంకు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మీ కొంగుకే కట్టుకోండి. డిపాజిట్ చేసినప్పుడు పిస్టల్ నంబరు రాసిన రసీదు అడిగి తీసుకోండి.