లాగౌట్ నొక్కినా అకౌంట్ తెరుచుకునే ఉంటే?

ప్రశ్న: మా కాలేజీ ఫీజుల వెబ్‌సైట్ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంది, నేనే చూసుకుంటాను. ఒక విద్యార్థి నెట్ సెంటర్‌లో ఫీజు కట్టి, లాగౌట్ చేసి వెళ్లాడు. తర్వాత కూర్చున్నతను బ్యాక్ బటన్ నొక్కితే ఆ అబ్బాయి ఫోన్ నంబరు, ఫీజు వివరాలు కనిపించాయట. లాగౌట్ నొక్కగానే లాగిన్ పేజీకి పంపుతున్నాను. ఇంకేం చేయాలి?

జవాబు: లాగిన్ పేజీకి పంపినంత మాత్రాన లాగౌట్ అయినట్టు కాదండీ. లాగౌట్ చేసి, బ్యాక్ నొక్కి, వచ్చిన పేజీని రీలోడ్ చేసి చూడండి. లాగిన్ పేజీ వస్తే సెషన్ (ఎవరు లాగిన్ అయ్యారో సర్వర్ గుర్తుపెట్టుకునే రికార్డు) పోయినట్టే, కనిపించింది బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ. వివరాలే మళ్లీ వస్తే సర్వర్‌లో సెషన్ ఇంకా బతికే ఉంది. అప్పుడు ఆ రెండో మనిషి చూసి ఊరుకోనక్కర్లేదు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ కూడా మార్చేయగలడు.

సెషన్ స్టార్ట్ (సెషన్‌ను తెరిచే ఫంక్షన్) పిలిచిన ప్రతి పేజీకీ పీహెచ్‌పీ తనంతట తానే 'నో-స్టోర్' హెడర్ పంపుతుంది, అంటే కాపీ దాచుకోవద్దని బ్రౌజర్‌కు చెబుతుంది. ఈ హెడర్‌ను నిర్ణయించే క్యాష్ లిమిటర్ సెట్టింగ్ ఎవరూ మార్చకపోతే పాత కాపీ కనిపించకూడదు. అందుకే మా అనుమానం సెషన్ మీదే.

లాగౌట్ ఫైల్‌లోనూ మొదట సెషన్ స్టార్ట్ ఉండాలి. అది లేకుండా నేరుగా సెషన్ డిస్ట్రాయ్ పిలిస్తే ఏ సెషన్‌ను తీసేయాలో తెలియక పీహెచ్‌పీ ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. లైవ్ సర్వర్‌లో వార్నింగులు తెర మీద చూపించం కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. స్టార్ట్ తర్వాత సెషన్ అరేను (సెషన్ వివరాలుండే జాబితాను) ఖాళీ చేసి, బ్రౌజర్‌లో సెషన్ గుర్తింపును ఉంచే కుకీకి గడిచిపోయిన తేదీ పెట్టి పంపి, చివర్లో డిస్ట్రాయ్ పిలవండి. కుకీ పెట్టినప్పటి పాత్, డొమైన్‌లే చెరిపేటప్పుడూ ఇవ్వాలి. తేడా వస్తే పాత కుకీ కదలదు.

లాగౌట్ చేయకుండానే లేచిపోయేవాళ్ల మాట కూడా చూడాలి. సెషన్ డీఫాల్ట్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. దాన్ని నమ్ముకోకండి: పాత సెషన్లను ఊడ్చే పని మామూలుగా 100 రిక్వెస్టుల్లో ఒకసారి, అదీ లాటరీ పద్ధతిలో జరుగుతుంది. చివరిసారి వాడిన సమయాన్ని సెషన్‌లోనే రాసి, ప్రతి పేజీలో సరిచూడండి. ఫీజుల సైట్‌కు 15 నిమిషాలు చాలు.

అన్నీ అయ్యాక బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో కుకీ విలువ కాపీ చేసుకుని లాగౌట్ అవ్వండి. అదే విలువను తిరిగి అతికించి ఫీజు పేజీ తెరవండి. లాగిన్ అడగాలి. అడగకపోతే సెషన్ ఇంకా పోలేదు, లాగౌట్ ఫైల్ మళ్లీ చూడండి.