అస్సాం నాటక దర్శకుడు శుక్రాచార్య రాభా ఎవరు? చెట్ల కింద, మైకు కూడా లేకుండా నాటకాలు ఆడించేవారట, నిజమేనా?

నిజమే, నేను కళ్ళారా చూశాను. బ్యాంకు ఉద్యోగంలో మూడేళ్ళు గోల్‌పారా జిల్లాలో పనిచేశాను. మాది పార్వతీపురం పక్క పల్లె. అంత దూరం బదిలీ అనగానే ఇంట్లో అందరూ బెంగపెట్టుకున్నారు. వెళ్ళేటప్పుడు నాకూ దిగులుగానే ఉండేది. ఇప్పుడు ఆ మూడేళ్ళు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది ఆ నాటకోత్సవమే. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

అస్సాం కళల గురించి వెతికితే మొదట బిష్ణు ప్రసాద్ రాభా పేరు వస్తుంది. కళాగురు అని పిలుచుకునే ఆ మహానుభావుడు 1969లోనే పోయారు. మీరు అడిగింది ఆయన గురించి కాదు. శుక్రాచార్య రాభా పుట్టింది 1977లో, ఆగియా దగ్గర రాంపూర్ అనే చిన్న ఊళ్ళో. బ్రహ్మపుత్రకు దక్షిణపు ఒడ్డు అది. ఇంకాస్త కిందికి పోతే మేఘాలయ గారో కొండలు వచ్చేస్తాయి. రాభాలు అక్కడి గిరిజనులు. వాళ్ళ భాష అస్సామీకి చుట్టం కాదు, బోడో, గారో భాషల కుటుంబంలోది. శుక్రాచార్య నాటకాలకు ఆ భాషే ప్రాణం. మా బ్రాంచిలో ఒక రాభా గుమాస్తా ఉండేవారు. ఆయన నోట మొదటిసారి ఈ పేరు విన్నప్పుడు నాకు అర్థమే కాలేదు. అస్సామీలో శ కాస్త హ లాగా, చ కాస్త స లాగా పలుకుతారు మరి. కాగితం మీద రాసి చూపిస్తే అప్పుడు తెలిసింది, మన శుక్రాచార్యుల పేరేనని.

ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, 1998లో, ఆయన బాదుంగ్‌దుప్పా కళాకేంద్రం పెట్టారు. బాదుంగ్‌దుప్పా అంటే రాభాలు వెదురుతో చేసుకునే ఒక వాయిద్యం. ఊళ్ళో పిల్లాడికి కూడా తెలిసిన వస్తువు పేరే బృందానికి పెట్టుకున్నారు. బృందంలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళే. పొలం పనీ వాళ్ళే చేస్తారు, నాటకమూ వాళ్ళే ఆడతారు.

ఆయనకు గురువు మణిపూర్‌కు చెందిన హైస్నాం కన్హాయ్‌లాల్. ఇంఫాల్‌లో 1969లో కళాక్షేత్ర మణిపూర్ స్థాపించిన దర్శకుడు, 2016లో పద్మభూషణ్ వచ్చింది, ఆ ఏడాదే పోయారు. కన్హాయ్‌లాల్ నాటకంలో మాటల పాత్ర తక్కువ. ఊపిరి, ఒళ్ళు, గొంతులోంచి వచ్చే ధ్వని, వీటితోనే కథ నడుస్తుంది. శుక్రాచార్య మణిపూర్ వెళ్ళి ఆ పద్ధతి నేర్చుకున్నారు. నేర్చుకుని తిరిగి రాంపూర్‌కే వచ్చారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు విషయం ఇదే. ఆ చదువుతో, ఆ ప్రతిభతో గువాహటిలోనో ఢిల్లీలోనో స్థిరపడొచ్చు. ఆయన ఊరు వదల్లేదు.

ఇది ఎంత పెద్ద నిర్ణయమో తెలియాలంటే అస్సాం నాటకరంగం గురించి కొంచెం చెప్పాలి. అక్కడ నాటకం చచ్చిపోయిన కళ కాదు, పెద్ద వ్యాపారం. భ్రమ్యమాన్ అంటారు, అంటే ఊరూరా తిరిగే థియేటర్. 1963లో పాఠశాల అనే ఊళ్ళో అచ్యుత్ లహ్‌కర్ నటరాజ థియేటర్‌తో మొదలుపెట్టారు. లారీల మీద డేరా, కుర్చీలు, జనరేటర్లు, వంటవాళ్ళతో సహా కదులుతారు. పక్కపక్కనే రెండు రంగస్థలాలు కడతారు. ఒకదాని మీద సీను నడుస్తుంటే రెండోదాని మీద తర్వాతి సెట్టు సిద్ధమవుతుంది. టైటానిక్ ఓడ మునిగిపోవడం కూడా రంగస్థలం మీద చూపించేశారు! సినిమా తారలు సైతం ఏడాదికింత అని ఒప్పుకుని వెళ్తారు. మన సురభి వాళ్ళ మాయలు చూసి పెరిగిన నాకు అది బాగా నచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అలాంటి చోట శుక్రాచార్య లైటు తీసేశారు, మైకు తీసేశారు, కరెంటునే వద్దన్నారు.

2008లో మొదలైన ఆ ఉత్సవం పేరు ‘అండర్ ద సాల్ ట్రీ’. సాల్ చెట్టంటే మనకు తెలిసిందే, గుగ్గిలం చెట్టు. ఒడిశా సరిహద్దున మా వైపు అడవుల్లో కూడా ఉంటుంది. అమ్మ సాయంత్రాలు నిప్పుల మీద వేసే గుగ్గిలం పొగ ఆ చెట్టు బంకదే. అంచేత ఆ తోపులోకి అడుగుపెట్టగానే నాకు సగం ఊరికి వచ్చినట్టయింది.

డిసెంబరు మధ్యలో, ఉదయం పూట, గుమాస్తా గారి మోటారు సైకిల్ మీద వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. నిటారుగా లేచిన చెట్ల మధ్య మట్టితో అలికిన ఎత్తరుగు, అదే రంగస్థలం. వెనక తెర లేదు, ఎండుగడ్డితో కట్టిన దడి ఉంది. ఎదురుగా కింద కూర్చునేవాళ్ళకు చోటు, దాని వెనక వెదురు బొంగులు కట్టి మెట్లుమెట్లుగా గ్యాలరీ. ఎక్కుతుంటే బొంగులు కిర్రుమనేవి. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని వీపున కట్టుకుని వచ్చారు. ముసలివాళ్ళు శాలువాలు కప్పుకుని ముందే చేరిపోయారు. ఇంత జనం, పైగా పిల్లలు, మైకు లేకుండా ఏం వినబడుతుందిలే అనుకున్నాను.

నాటకం మొదలైంది. ఒక నటుడు అరుగు మీద కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఊపిరి పీల్చి వదలడం వినబడుతోంది. నేను గ్యాలరీలో నాలుగో మెట్టు మీద ఉన్నాను, అక్కడికి వినబడింది! ఆ ఊపిరే మెల్లగా మూలుగైంది, మూలుగు పాటైంది. అప్పటిదాకా గుసగుసలాడుతున్న జనం ఎప్పుడు సద్దుమణిగారో నాకు తెలియలేదు. భాష ఒక్క ముక్క రాదు నాకు. పక్కనున్న గుమాస్తా గారు ‘చెప్పనా సార్’ అన్నారు. ‘వద్దు దాదా, తర్వాత చెప్దురు’ అన్నాను. ఆకుల సందుల్లోంచి పడే ఎండ నెమ్మదిగా జరుగుతూ ఉంది. ఒకచోట ఆ వెలుగు సరిగ్గా నటి ముఖం మీద పడింది. ఎవరు పెట్టిన లైటూ అంత అందంగా ఉండదు.

అక్కడ డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది. ఆలోపే ఆ రోజు నాటకాలు ముగిసిపోవాలి. ఊళ్ళవాళ్ళు చీకటిపడకముందే ఇళ్ళకు చేరాలి, దారిలో ఏనుగుల భయం కూడా ఉంటుంది. వేళను సూర్యుడు నిర్ణయించే నాటకం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇంతగా కదిలిపోవడానికి నా సొంత కారణం ఒకటుంది. కాలేజీ రోజుల్లో నేను పరిషత్తు నాటకాలు ఆడాను. ఒకసారి పోటీలో మా నాటకం మధ్యలో మైకు పోయింది. మేం డైలాగు ఆపి నిలబడిపోయాం. ప్రేక్షకులు ఈలలు వేశారు. పది నిమిషాల తర్వాత మైకు వచ్చింది కానీ నాటకం తిరిగి లేవలేదు. వేలాడే మైకుల కింద నిలబడి అరవడమే నటన అనుకుని పెరిగినవాళ్ళం మేం. గొంతుకు వెనక ఒక ఒళ్ళు ఉంటుందనీ, దానికి ఏళ్ళ తరబడి సాధన కావాలనీ రాంపూర్‌లో ఆ పొద్దున అర్థమైంది.

శుక్రాచార్య గారితో నేను మాట్లాడింది లేదు. దూరం నుంచి చూశానంతే. ఆ మొహమాటానికి ఇప్పటికీ బాధపడుతుంటాను.

తన భాషవాళ్ళ కథలతోనే ఆయన ఆగిపోలేదు. కన్నడ రచయిత హెచ్.ఎస్. శివప్రకాశ్ నాటకాన్ని ‘మాదయ్య ముచి’ పేరుతో రాభాలో ఆడించారు. ఎక్కడి కన్నడం, ఎక్కడి రాభా! సంగీత నాటక అకాడమీ ఆయనకు ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఇచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచే కాదు, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి దేశాల నుంచి కూడా బృందాలు ఆ మట్టి అరుగు మీద ఆడటానికి వచ్చాయి. ఎవరొచ్చినా నియమం ఒకటే, లైట్లు లేవు, మైకులు లేవు.

చెట్ల కిందే ఎందుకు అనడిగితే దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ప్రాంతంలో సాల్ అడవులు కొట్టేసి రబ్బరు తోటలు వేస్తున్నారు. రబ్బరు పాలు అమ్మితే ఏటా డబ్బు కళ్ళజూడొచ్చు, సాల్ చెట్టు ఏమిస్తుంది చెప్పండి. మా బ్రాంచికి కూడా రబ్బరు మొక్కల కోసం అప్పులడిగే రైతులు వచ్చేవారు, వాళ్ళను తప్పుపట్టలేను. కానీ ఏడాదికోసారి ఊరు ఊరంతా వచ్చి ఒక తోపు కింద కూర్చుంటే, ఆ తోపు మీద గొడ్డలి వేయడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు. శుక్రాచార్య ప్రకృతిని కాపాడండని ఉపన్యాసాలతో సరిపెట్టకుండా జనాన్ని ఆ నీడలోకే రప్పించారు.

2018 జూన్ 8న గుండెపోటుతో పోయారు. నలభై ఒక్క ఏళ్ళు. అప్పటికి నేను ఆంధ్రాకు తిరిగి వచ్చేశాను. గుమాస్తా గారు ఫోన్ చేశారు. చెప్పింది రెండు మాటలే, మిగతా అంతా ఏడుపు. ఆయన భార్య, బృందంలోని నటులు కలిసి ఆ తర్వాత కూడా ఉత్సవం నడుపుతూ వచ్చారు.

వెళ్ళాలనుకుంటే గువాహటి నుంచి గోల్‌పారాకు బస్సులున్నాయి, గోల్‌పారా టౌన్‌కు రైలు కూడా ఉంది. అక్కడి నుంచి ఆగియా వైపు వెళ్ళాలి. ఆ ఏటి తేదీలు ముందుగా కనుక్కోండి. చలి బాగా ఉంటుంది, శాలువా మరిచిపోవద్దు. ఉదయాన్నే చేరుకుని గ్యాలరీ ఎక్కకుండా కిందే, పిల్లల పక్కన కూర్చోండి. నేనీసారి వెళ్తే అక్కడే కూర్చుంటాను.