మాస్టారిని అడగండి: ఇసుకకి ఇన్ని రంగులా?

ప్ర: మాస్టారూ, ఫోన్లో గులాబీ రంగు, ఊదా రంగు ఇసుక ఉన్న బీచ్‌ల ఫొటోలు చూశాను. మా అన్నయ్యేమో అదంతా ఎడిటింగ్ అని కొట్టిపారేస్తున్నాడు. మా ఇద్దరిలో ఎవరు కరెక్ట్?
- ఓ ఇంటర్ విద్యార్థిని

జ: ఇద్దరికీ సగం సగం మార్కులమ్మా. బీచ్‌లు నిజమే, ఫొటోల్లో రంగు మాత్రం కాస్త దట్టించిందే. బహామాస్‌లో హార్బర్ ఐలండ్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ దాదాపు 5 కిలోమీటర్ల పొడవునా గులాబీ ఇసుకే. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ పొడి ఇసుక పాలిపోయి కనిపిస్తుంది. అల వచ్చి వెనక్కి పోయిన తడిలో చూడాలి దాని అందం. చిటికెడు తీసి భూతద్దం కింద పెడితే గులాబీ రంగు రేణువులు పెద్దగా దొరకవు. తెల్లటి గవ్వ ముక్కలు, పగడపు ముక్కలు, వాటి మధ్య అక్కడక్కడా ఎర్రటి పలుకులు. రెండూ కలిసి దూరానికి గులాబీ అవుతాయి.

ఆ ఎర్ర పలుకులు హోమోట్రీమా రుబ్రమ్ అనే ఏకకణ జీవి గూళ్లు. చుట్టూ గూడు కట్టుకునే ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల వర్గానికి చెందింది. పగడపు దిబ్బల్లో, రాళ్ల అడుగున అతుక్కుని బతుకుతుంది. చచ్చాక దాని గూడు అలలకి విరిగి ఒడ్డుకి చేరుతుంది. బెర్ముడా గులాబీ ఇసుకలోనూ ఉన్నది ఇదే.

ఇసుక రంగు గురించి నన్నెవరడిగినా నేను తిరిగి ఒకటే అడుగుతాను. ఆ బీచ్ వెనక ఏ కొండ ఉంది, ముందు నీళ్లలో ఏముంది? కాలిఫోర్నియాలోని ఫైఫర్ బీచ్ వెనక కొండల్లో గార్నెట్ ఉంది. మన పెద్దవాళ్లు గోమేధికం అని ఉంగరాల్లో పెట్టుకునేది ఈ గార్నెట్‌లోనే ఒక రకం. చలికాలం వానలకి ఆ గార్నెట్ కొట్టుకొచ్చి ఇసుక మీద ఊదా రంగు చారలు పడతాయి. చారలే సుమా, బీచ్ అంతా ఊదా అనుకుని వెళ్తే ఉసూరుమనాల్సి వస్తుంది.

ప్ర: హవాయిలో ఆకుపచ్చ ఇసుక ఉందట. నాచు పట్టడం వల్లేనా?

జ: నాచు కాదండీ, రాయే ఆకుపచ్చ. ఆ బీచ్ పేరు పపకోలియా, హవాయి పెద్ద దీవి దక్షిణపు కొసన ఉంది. ఇలాంటి ఆకుపచ్చ బీచ్‌లు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. దాదాపు 49,000 ఏళ్ల కిందట ఎగిసిపడిన పూ మహానా అనే అగ్నిపర్వతపు దిబ్బని సముద్రం ఒక పక్క నుంచి కోసేస్తోంది. ఆ దిబ్బలో ఆలివిన్ అనే ఖనిజం పుష్కలంగా ఉంది. అదే ఖనిజం శుద్ధంగా దొరికితే పెరిడాట్ పేరుతో నగల్లో పొదుగుతారు.

మరి ఆలివిన్ చాలా అగ్నిపర్వతాల్లో ఉంటుంది కదా, అక్కడి బీచ్‌లన్నీ ఎందుకు పచ్చగా లేవు? నాకు ఈ సంగతిలో బాగా నచ్చేది ఇక్కడే ఉంది. ఆలివిన్ బరువైనది. దాంతోపాటు రాలిన బూడిద, గాజు పలుకులు తేలిక. చేటలో చెరిగినట్టు అలలు తేలికవాటిని ఎగరగొట్టేస్తాయి, బరువైన పచ్చ గింజలు మూడు పక్కలా గట్లున్న ఆ చిన్న మూలలో మిగిలిపోతాయి. అదే తెరిచి ఉన్న తీరమైతే అవీ చెదిరిపోయేవే. పైగా ఆలివిన్ గట్టి రాయే అయినా, గాలికీ నీటికీ త్వరగానే పాడవుతుంది. దిబ్బ అరిగిపోయిన రోజున ఆ పచ్చదనమూ పోతుంది. చూడాలంటే కారు దిగి దాదాపు 4 కిలోమీటర్లు నడవాలి, నీడ అనేదే ఉండదు. నీళ్లు పట్టుకెళ్లండి.

ప్ర: నల్ల ఇసుక బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్లచ్చా? రంగు అంటుకుంటుందేమోనని మా ఆవిడ టెన్షన్.

జ: అంటుకోదు. అది మసి కాదు, బసాల్ట్ రాతి పొడి. లావా సముద్రంలో పడగానే చల్లబడి పగిలిపోతే వచ్చేది. హవాయిలో కైము అనే నల్ల బీచ్ అలా లావా పెట్టిన భిక్షే, 1990లో మళ్లీ లావాయే వచ్చి దాన్ని పూడ్చేసింది! ఎండకి నల్ల ఇసుక బాగా కాలుతుంది కాబట్టి చెప్పులు విప్పనివ్వకండి. అసలు భయపడాల్సింది అలల గురించి. ఐస్‌లాండ్‌లో రేనిస్‌ఫ్యారా బీచ్‌లో ప్రశాంతంగా ఉన్నట్టే ఉండి హఠాత్తుగా పెద్ద అల ఒడ్డు లోపలిదాకా వచ్చేస్తుంది. అలా కొందరు పర్యాటకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగద్దు.

ప్ర: ఇటలీ వెళ్తున్నాం. గులాబీ ఇసుక చిన్న సీసాలో తెచ్చుకుంటే తప్పా?

జ: తప్పే. సార్డీనియా పక్కన బుదెల్లి అనే దీవిలో గులాబీ బీచ్ ఉంది. జనం సంచుల్లో నింపుకుని పోతుంటే 1994 నుంచి కాలు పెట్టడమే నిషేధించారు, దూరం నుంచి చూసి రావాల్సిందే. సార్డీనియాలో ఏ బీచ్ నుంచి ఇసుక ఎత్తినా 500 నుంచి 3,000 యూరోల జరిమానా అని 2017లో చట్టం చేశారు. 2019లో ఒక ఫ్రెంచ్ జంట కారు డిక్కీలో 14 బాటిళ్లతో, 40 కిలోల ఇసుకతో దొరికిపోయింది. నేరమని తెలియదన్నారట. మీకు ఇప్పుడు తెలిసింది కదా!

ప్ర: తెల్ల ఇసుక అంతా ఒకటేనా?

జ: కాదు. ఆస్ట్రేలియాలోని వైట్‌హేవెన్ బీచ్‌లో ఇసుక 98 శాతం సిలికా, అంటే పలుగురాయి పొడి. తమాషా ఏంటంటే చుట్టుపక్కల రాళ్లలో అంత సిలికా లేదు, సముద్ర ప్రవాహాలే ఎక్కడి నుంచో మోసుకొచ్చాయి. వెనక కొండ చూడమన్న నా సూత్రం అక్కడ పనిచేయదు. మాల్దీవుల తెలుపు వేరు, అది పగడం. తేడా తెలుసుకోవాలంటే ఇసుక మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. బుడగలొస్తే పగడమో గవ్వో, రాకపోతే చాలావరకు సిలికా. ఆ పగడపు ఇసుకలో చాలా భాగం పేరట్ ఫిష్ అనే చేప పగడాన్ని కొరికి, నమిలి, అరిగించుకోలేక వెనక నుంచి వదిలేసిందే. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోలు వదులుతుంది. హనీమూన్‌కి మాల్దీవులు వెళ్లేవాళ్లకి మాత్రం ఈ సంగతి తిరిగొచ్చాక చెప్పండి.