వందేళ్లు బతికే ఆల్చిప్పలను పడుతూ పోతే అంతరించిపోవా? ఎలా కాపాడుతున్నారు?

పట్టే వేగం బట్టి ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఉంది. అక్కడి గూయిడక్ అనే పెద్ద ఆల్చిప్ప వందేళ్లు దాటి బతుకుతుంది. చెట్టు మొదలులో లాగే చిప్ప మీద వలయాలుంటాయి, వాటితోనే వయసు లెక్కగడతారు.

అసలు చిక్కు ఆయుష్షు కాదు, పిల్లలు నిలదొక్కుకోకపోవడం. గుడ్లు లక్షల్లో పెట్టినా బతికి బట్టకట్టేవి ఏ కొన్నో. కాబట్టి ఒకచోట పట్టేస్తే ఆ మేట మళ్లీ నిండడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే అక్కడ ముందు డైవర్లు దిగి ఆల్చిప్పలను లెక్కపెడతారు. ఆ సర్వే అంచనాలో ఏడాదికి 2.7 శాతమే పట్టనిస్తారు. మన చేపల వేటకారులకు ఇది మరీ పిసినారితనంగా తోచవచ్చు. కానీ ఇంత నిదానంగా పెరిగే జీవికి అంతకు మించితే అసలుకే ఎసరు.

డైవరు నీటిధారతో ఇసుకను వదులు చేసి, దాదాపు మూడడుగుల లోతున్న దాన్ని చేత్తో బయటికి లాగుతాడు. ఎదిగిన ఆల్చిప్పను ఒకసారి పెకలిస్తే మళ్లీ ఇసుకలోకి దిగలేదు. కాబట్టి చిన్నదనో రంగు బాగాలేదనో వదిలేసినా అది చచ్చినట్టే, దాన్నీ లెక్కలో కలపాల్సిందే.

పంపకానికొస్తే, 1994లో కోర్టు తీర్పుతో సగం వాటా అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలున్న ఆదివాసీ తెగలకు దక్కింది. మిగతా సగాన్ని రాష్ట్రం వేలం వేస్తుంది. దొంగవేట మాత్రం ఇప్పటికీ తలనొప్పే, ఎందుకంటే చైనాలో దీనికి మంచి ధర పలుకుతుంది.