"అందరూ తాగుతున్నారు" అన్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఈ ఏడాదే బడి మార్చాం. పోయిన వారం వాడి మంచినీళ్ల సీసా కడగబోతే మందు వాసన గుప్పుమంది. నిలదీస్తే "అందరూ తాగుతున్నారు" అన్నాడు. వాళ్ల నాన్న చెయ్యి చేసుకున్నారు. మళ్లీ బడి మార్చేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ సీసా చేత్తో పట్టుకుని ఎంత హడలిపోయి ఉంటారో! మీ భయంలో న్యాయముంది. ఆవేశాన్ని అదుపుచేసే మెదడు ముందు భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. తాగుడు ఎంత చిన్నప్పుడు మొదలైతే, పెద్దయ్యాక వ్యసనమయ్యే ముప్పు అంత ఎక్కువ. అలాగని బాబు చెయ్యిదాటిపోయాడని అనుకోకండి.

"ఈ ఏడాదే బడి మార్చాం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కొత్త బడిలో పిల్లాడు ముందు వెతుక్కునేది పక్కన కూర్చోనిచ్చేవాళ్లని. ఎవరు చేరదీస్తే వాళ్ల దారే వాడి దారి. అమెరికాలో 7 నుంచి 12 తరగతులు చదివే 12 వేల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటితోనూ, బడితోనూ అనుబంధం ఉందనుకునే పిల్లల్లో మద్యం జోలికి పోవడం తక్కువని తేలింది. టీచర్లు తనని పట్టించుకుంటారన్న నమ్మకం పిల్లాడికి అంత అండ.

అందుకే ఇప్పుడే బడి మార్చొద్దంటాను. మారిస్తే వాడు మళ్లీ ఒంటరి. పెద్ద పిల్లలు బెదిరించి తాగిస్తున్నారని తెలిస్తే మాత్రం వేరే సంగతి, అప్పుడు ఆలస్యం చేయకండి. ముందు క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి. మధ్యాహ్నం వాడు ఎవరితో కూర్చుని తింటున్నాడు, ఆటల్లో చేరుతున్నాడా, ఏ టీచర్ దగ్గరైనా చనువుగా ఉన్నాడా అని అడగండి. సస్పెండ్ చేస్తామంటే వద్దని బతిమాలైనా ఆపించండి. ఇంట్లో ఒంటరిగా గడిచే ఆ వారం వాడికి మంచిది కాదు.

ఇక "అందరూ" అన్న మాట. ఈ వయసులో తోటివాళ్ల తాగుడు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అబద్ధమని కసరకండి. "మీ క్లాసులో తాగనివాళ్లు ఎవరెవర్రా?" అని అడిగి పేర్లు చెప్పించండి. వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే వాడికే తెలిసొస్తుంది.

వాళ్ల నాన్నగారితో మీరే మాట్లాడండి. దెబ్బలు తిన్న పిల్లాడు ఈసారి సీసా ఇంకా జాగ్రత్తగా దాస్తాడు. కొట్టినందుకు బాధపడుతున్నానని ఆయన ఒక్క మాటంటే, ఆ మందు ఎక్కడిదో వాడు తనంతట తానే చెప్పొచ్చు. ఇంట్లో మందు ఉంటే ఈరోజే తీసేయండి. మళ్లీ వాసన వచ్చినా, నిద్రా చదువూ ఉన్నట్టుండి దెబ్బతిన్నా, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి ముగ్గురూ కలిసి వెళ్లండి.