కణాల పాఠాన్ని ఉల్లిగడ్డ దగ్గరే ఆపకు

నల్లగొండ

బిడ్డా,

కల్వకుర్తి దిక్కు హైస్కూల్లో బయోసైన్స్ టీచరుగా చేరావని, ఎనిమిది, తొమ్మిది తరగతులకు కణాలు, కణజాలాలు ఎట్లా చెప్పాలా అని టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎమ్మెస్సీ చదివినదానివి, సబ్జెక్టు నీకు నేను నేర్పేదేం లేదు. క్లాసులో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో మాత్రం నాలుగు ముక్కలు రాస్తాను.

'కణం జీవుల నిర్మాణాత్మక, క్రియాత్మక ప్రమాణం' అన్న వాక్యాన్ని మొదటి వారం బోర్డెక్కించకు. పిల్లలు రాసుకుంటారు, బట్టీ పడతారు, మార్కులూ తెచ్చుకుంటారు. మైక్రోస్కోపు ముందు నిలబెట్టి ఇందులో కణం ఏదో చూపించమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. చూడటం ముందు, నిర్వచనం తర్వాత. ఇంకో పది రోజులకు ఆ వాక్యం రాసినా కొంపలేం మునగవు.

ఉల్లిపొర ప్రయోగం పుస్తకంలో ఉంది. అందులో లేనివి చెప్తాను. ఉల్లిగడ్డ రేకకు లోపలి వైపు, గుంటగా ఉన్న వైపు నుంచి పొర తీయించు. తీసిన వెంటనే నీళ్ళలో వేయాలి, లేకుంటే ఎండి చుట్టుకుపోతుంది. ముక్క చిన్నదైతేనే ముడత పడదు. శాఫ్రనిన్ రంగు సీసా ఎండిపోయి ఉంటే మెడికల్ షాపులో టింక్చర్ అయోడిన్ తెచ్చి పలచగా చేసి వాడు, కేంద్రకం బాగానే తేలుతుంది. ముందు చిన్న కటకంతో చూపించి, ఆ తర్వాతే పెద్దదానికి పో. నేరుగా పెద్ద కటకం దించితే కవర్ స్లిప్ పగలడమే తప్ప ఏమీ కనపడదు.

కవర్ స్లిప్ ఎంత జాగ్రత్తగా దించినా గాలి బుడగలు పడతాయి. నల్లటి మందమైన అంచుతో గుండ్రంగా మెరుస్తుంటే పిల్లల చూపు ముందు దాని మీదికే పోతుంది. 'మేడం, కణం దొరికింది' అని కేక. సూది మొనతో కవర్ స్లిప్‌ను మెల్లగా తాకమను. బుడగ కదులుతుంది, సాగుతుంది, ఆకారం మారుతుంది. కణాలు మాత్రం వరుసగా ఒకదానికొకటి ఆనుకొని అట్లాగే ఉంటాయి. ఈ తేడా వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే. తర్వాత చూసింది చూసినట్టు గీయమను. పుస్తకంలో వృక్ష కణం బొమ్మలో ఆకుపచ్చ రేణువులుంటాయి కాబట్టి ఉల్లిపొరలో కూడా హరితరేణువులు గీసేవాళ్ళు ప్రతి క్లాసులో ఉంటారు. కొట్టేయకు, 'ఎక్కడ చూశావో చూపించు' అని అడుగు. నేలలో ఉండే గడ్డకు ఆకుపచ్చదనం ఎందుకు లేదన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

బుగ్గ లోపలి కణాలు గీకి చూసేటప్పుడు ఎవరి పుల్ల వాళ్ళదే, మొద్దు కొసతోనే, వాడాక చెత్తబుట్టలోకే. రక్తం చుక్క కోసం పిల్లల వేళ్ళు మాత్రం గుచ్చకు.

చాలామంది టీచర్లు ఉల్లిగడ్డతో సరిపెట్టి సిలబస్‌లో ముందుకు పోతారు. దాంతో పిల్లల మనసులో కణమంటే కంటికి కనపడని డబ్బా అని ఉండిపోతుంది. నీ దగ్గర దీనికి మంచి విరుగుడు ఉంది. పత్తి. నీ క్లాసులో సగం మంది ఇళ్ళలో పత్తి వేస్తారు, పత్తి ఏరే రోజుల్లో బెంచీలు ఎట్లా ఖాళీ అవుతాయో చూస్తావు. గింజతో ఉన్న పత్తి గుప్పెడు తెమ్మను. ఒక గింజ మీది నుంచి ఒకే ఒక్క పోగు లాగించి, నల్ల గుడ్డ మీద పెట్టి స్కేలుతో కొలిపించు. దాదాపు 3 సెంటీమీటర్లు వస్తుంది. అప్పుడు చెప్పు, ఆ పోగంతా ఒకే కణమని. నమ్మరు, నమ్మకపోవడమే కావాలి. గింజ పైపొరలోని, అంటే త్వచ కణజాలంలోని ఒక్కో కణం పువ్వు పూసిన రోజుల్లో బయటికి పొడుచుకొచ్చి సాగడం మొదలుపెడుతుంది. మూడు వారాల పాటు సాగి, తర్వాత లోపలి వైపు సెల్యులోజు పొరలు పేర్చుకుంటుంది. పొడవు వెడల్పుకు వెయ్యి రెట్లకు పైనే. కాయ పగిలేసరికి లోపలి జీవద్రవ్యం ఎండిపోతుంది, మిగిలేది కణకవచం, అంటే కణం చుట్టూ ఉండే గోడ. ఆ పోగును మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరిగిన రిబ్బనులా కనిపిస్తుంది, ఎందుకంటే లోపల ఖాళీ అయి గోడ అణిగి చదునైపోయింది.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసింది కూడా ఇట్లాంటి ఖాళీ గోడలనే. అందుకే హుక్ కథ పత్తి చూశాక చెప్పు, చప్పున అందుతుంది. లోపల బతికున్న సంగతులు తేలడానికి చాలా కాలం పట్టింది. రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి ఆ పేరు పెట్టింది 1831లో. మొక్కలన్నీ కణాలతోనే తయారని ష్లైడన్, జంతువులూ అంతేనని ష్వాన్ చెప్పింది 1838, 39లలో. సంవత్సరాలు బట్టీ పట్టించకు. హుక్‌కూ వీళ్ళకూ మధ్య నూట డెబ్భై ఏళ్ళ ఎడం ఎందుకు వచ్చిందో అడుగు, కటకాల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు.

'ఇల్లు ఇటుకలతో, ఒళ్ళు కణాలతో' అని చెప్పే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. నాకైతే నచ్చదు. ఇటుక తినదు, ఊపిరి పీల్చదు, రెండుగా చీలి ఇంకో ఇటుకను కనదు. ప్రతి కణమూ అంతకుముందున్న కణం నుంచే పుడుతుందని విర్చో 1855లో అన్నమాట ఆ పోలికతో కొట్టుకుపోతుంది.

కోడిగుడ్డు ఒకే కణం అని చెప్పేటప్పుడు జాగ్రత్త. పచ్చసొన ఒక్కటే అండకణం, తెల్లసొన, పెంకు తర్వాత చేరినవి. అదీ ఫారం గుడ్డు సంగతి. పుంజు తిరిగే ఇంటి నాటుకోడి గుడ్డయితే, పెట్టే వేళకే అందులో వేల కణాలు తయారై ఉంటాయి. ఇట్లాగే మా నల్లగొండ బత్తాయి తొన చీల్చి, రసపు తిత్తి ఒక్కోటి ఒక కణమని చెప్పేవాళ్ళున్నారు. తప్పు, ఒక్కో తిత్తిలో చాలా కణాలుంటాయి.

కణజాలాల దగ్గరికి వచ్చేసరికి పట్టికలు మొదలవుతాయి, పిల్లల కళ్ళు మూతపడతాయి. మొక్కల కణజాలాల రకాలను మృదు, స్థూలకోణ, దృఢ అని చదివించే ముందు నోటికి రుచి చూపించు. సీతాఫలం తింటుంటే నాలుక మీద ఇసుకలా గరగరలాడేవి దృఢకణాలే, గోడలు బాగా మందమై గుత్తులుగా ఉంటాయి. బాలానగర్ పేరు మీద సీతాఫలం రకమే ఉన్న జిల్లా మీ పక్కనే. పాఠం వానాకాలంలో వస్తుంది, పండ్లేమో దసరా దిక్కు గానీ రావు. అప్పటిదాకా జామపండుతో నడిపించు, సీతాఫలాలు వచ్చాక ఒక పీరియడ్ వెనక్కి తిప్పు. గుజ్జు వేలితో నలిపి, గట్టి రవ్వ ఒక్కటి తీసి స్లైడు మీద చిదిమితే చాలు. పుంటికూర ముదురు కాడ బెరడు లాగి తెంపమను, తెగదు. ఆ నార కూడా దృఢకణజాలమే.

జంతు కణజాలాలకు ఆదివారం మటనే గతి. ఉడికిన కండను పొడుగ్గా చీలిస్తే పోగులు పోగులుగా వస్తుంది, అడ్డంగా లాగితే రాదు. కండను బొక్కకు పట్టి ఉంచే తెల్లటి తాడు స్నాయుబంధనం, బొక్క కొసన నున్నగా ఉండేది మృదులాస్థి, లోపల మూలుగ, పైన కొవ్వు. తినని ఇళ్ళ పిల్లలుంటే బలవంతం పెట్టకు, వాళ్ళను చెవి డొప్ప వంచి చూసుకోమను, మృదులాస్థి అక్కడే ఉంది.

ఎముక దగ్గర కాస్త ఆగు. మర్రిగూడ, మునుగోడు ఊళ్ళలో బోరు నీళ్ళ ఫ్లోరైడుతో నడుము వంగిపోయిన ముసలివాళ్ళను ఇక్కడ చూడనివాళ్ళు లేరు. ఎముకలో కణాలు బతికే ఉంటాయి, పాతది కరిగిస్తూ కొత్తది కడుతూనే ఉంటాయి, అందుకే నీళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి అందులో చేరుతూ పోతుంది. పంటి మీది ఎనామిల్ సంగతి వేరు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి. చిన్నతనంలో ఫ్లోరైడుతో పంటి మీద పడ్డ మచ్చ, తర్వాత కృష్ణా నీళ్ళు తాగినా దానంతటది పోకపోవడానికి కారణం అదే. పిల్లలు దీన్ని మర్చిపోరు. కానీ క్లాసులో పచ్చ పళ్ళున్న పిల్ల ఉంటే ఆమె వైపు చూస్తూ చెప్పకు, నోరు తెరిచి చూపించమనకు. ఆ వయసులో సిగ్గు ఎంత లోతుగా దిగుతుందో నీకు తెలుసు.

కణం, కణజాలం, అవయవం, అవయవ వ్యవస్థ, జీవి అన్న మెట్ల వరుస అన్నిటికన్నా చివర చెప్పు, అదీ పైనుంచి కిందికి. పెరట్లో పుంటికూర మొక్క పీకి వేరు, కాండం, ఆకు చూపించి, కాండంలో నార, నారలో కణం అని దిగుతూ పో. మెట్లన్నీ అందరికీ ఉండవని కూడా చెప్పాలి. వరిగడ్డి చెరువు నీళ్ళలో నాలుగైదు రోజులు నానబెడితే పారమీషియం లాంటివి ఈదుతూ కనిపిస్తాయి, తిండి, విసర్జన, కదలిక అన్నీ ఒక్క కణంలోనే. మొగ్గ తొడిగే ఈస్టు కల్లు చుక్కలో భలే కనిపిస్తుంది గానీ, సీసా పట్టుకొని బడికి పోకు, హెడ్మాస్టరుకు సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుంది. కిరాణంలో దొరికే ఈస్టును గోరువెచ్చని చక్కెర నీళ్ళలో కలుపు.

నా దగ్గర పాత స్లైడ్ల డబ్బా ఉంది, వేరు, కాండం అడ్డుకోతలు బాగున్నాయి. రాఖీకి వచ్చినప్పుడు తీసుకుపో. కవర్ స్లిప్పులు మాత్రం రెండు డబ్బాలు ఎక్కువే కొనిపెట్టుకో, తొమ్మిదో తరగతి వాళ్ళ చేతిలో అవి నిలవవు.

నీ మేనమామ